పర్మిట్‌తో మూసిన ఆయిల్ ట్యాంకును మళ్లీ తవ్వించిన కేసు

ఇది మధ్య న్యూజెర్సీలోని ఒక ఇంటి కేసు. ఇల్లు కొంటున్నది మన తెలుగు దంపతులు. అమ్ముతున్నది ఆ ఇంట్లోనే పిల్లల్ని పెంచి పెద్దచేసిన ఒక పెద్దావిడ. ఎవరూ గుర్తుపట్టకుండా ఊరు, సంవత్సరం, మనుషుల వివరాలు మార్చాను. నేల తీరు, ట్యాంకు పరిస్థితి, మేం తీసుకున్న నిర్ణయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి. ఇళ్ల దగ్గర పాతిపెట్టిన హీటింగ్ ఆయిల్ ట్యాంకులు తీయించడం, కింద మట్టి పరీక్షించడం, నూనె కారి ఉంటే శుభ్రం చేయించి రాష్ట్ర పర్యావరణ శాఖకు రిపోర్టు ఇవ్వడం నా పని. ఇలాంటి కేసులు చాలానే వస్తాయి. దీన్నే రాయడానికి కారణం ఏమిటంటే, ఈ ఫైల్లో ఒక్క దొంగ కాగితం కూడా లేదు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. అయినా ఇంటి పునాది కింద నూనె ఉంది.

నేపథ్యం

ఇండియా నుంచి వచ్చినవాళ్లకు ఇంటి పక్కన భూమిలో నూనె ట్యాంకు ఉండటమేమిటో మొదట అర్థం కాదు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టిన ఇళ్లలో చాలావాటికి చలికాలంలో వేడి ఇచ్చింది నూనె కొలిమే. లారీవాడు వచ్చి బయటున్న గొట్టంలోంచి నూనె నింపి వెళ్లేవాడు. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 550 గ్యాలన్ల ట్యాంకు. అంటే రెండు వేల లీటర్ల పైచిలుకు పడుతుంది. సుమారు నాలుగడుగుల వ్యాసం, ఆరడుగుల పొడవు ఉన్న ఉత్త ఉక్కు పీపా అది. 1973 చమురు సంక్షోభంలో ధరలు పెరిగాక, వీధుల్లోకి సహజవాయువు లైన్లు వచ్చాక, చాలామంది గ్యాస్‌కు మారిపోయారు. ట్యాంకులు మాత్రం భూమిలోనే ఉండిపోయాయి. కొందరు వాటిని మర్చిపోయారు, కొందరు పర్మిట్ తీసుకుని, లోపల ఇసుకో కాంక్రీటో నింపించి అక్కడే వదిలేశారు.

కొనేవాళ్లకు వచ్చే చిక్కు చట్టంతో. న్యూజెర్సీలో 1976 నాటి స్పిల్ చట్టం ప్రకారం, తప్పు ఎవరిదని తేల్చకుండానే బాధ్యత మీద పడుతుంది. కాలుష్యం ఉందని తెలిసి కొన్నవాళ్లకు తప్పించుకునే దారి దాదాపు ఉండదు. నూనె కార్చిన పాత యజమాని నుంచి ఖర్చు రాబట్టుకోవచ్చు. అలాంటి దావాకు కాలపరిమితి లేదని 2015లో మారిస్‌టౌన్‌లోని ఒక షాపింగ్ సెంటర్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. కానీ దావా వేయగలగడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు. అందుకే నన్ను పిలిచినవాళ్లకు నేనెప్పుడూ చెప్పేది, తేల్చుకోవాల్సిందేదో క్లోజింగ్‌కు (డబ్బు కట్టి ఇల్లు పేరు మీదకు మార్చుకునే రోజుకు) ముందే తేల్చుకోమని.

సమస్య ఎలా బయటపడింది

హోమ్ ఇన్‌స్పెక్టర్ బేస్‌మెంట్ గోడలో, నేలకు అడుగు ఎత్తున, కొసలు నొక్కి మూసేసిన రెండు సన్నటి రాగి గొట్టాలు చూశాడు. ఒకటి ట్యాంకులోంచి కొలిమికి నూనె తెచ్చేది, రెండోది మిగిలిన నూనెను వెనక్కి పంపేది. అవి కనబడ్డాయంటే గోడకు అవతల ట్యాంకు ఉన్నట్టే, లేదా ఒకప్పుడు ఉన్నట్టే. అడిగితే పెద్దావిడ ఏమీ దాచలేదు, వెంటనే ఫైలు తీసి ఇచ్చింది. తొంభైల్లో టౌన్‌షిప్ ఇచ్చిన పర్మిట్, ఇన్‌స్పెక్టర్ సంతకం, కాంట్రాక్టర్ బిల్లు అందులో ఉన్నాయి. బిల్లు మీద నూనె తోడేసి, లోపల శుభ్రం చేసి, ఇసుక నింపామని రాసుంది. ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు ఆవిడ ఇంకో కంపెనీతో ట్యాంకు చుట్టూ నాలుగు బోరింగులు (మట్టి నమూనా కోసం దించే సన్నటి రంధ్రాలు) కూడా వేయించింది. ల్యాబ్ రిపోర్టులో నాలుగు చోట్లా నూనె లేదని వచ్చింది.

ఇల్లు కొంటున్న కుర్రాడు నాకు ఫోన్ చేసినప్పుడు గొంతులో టెన్షన్ కన్నా విసుగే ఎక్కువ వినిపించింది. "పర్మిట్ ఉంది, ల్యాబ్ రిపోర్ట్ ఉంది. ఇంకా ఏం కావాలి అన్నా? మా రియల్టర్ అయితే ఇంత క్లీన్ ఫైల్ ఎప్పుడూ చూడలేదంటోంది."

"రిపోర్ట్ మొత్తం పంపు తమ్ముడూ. మొదటి పేజీ ఒక్కటే కాదు, వెనకాల బోరింగ్ లాగ్స్ ఉంటాయి, అవి కూడా," అన్నాను.

లాగ్స్‌లో దొరికింది

సాధారణంగా ఎవరూ చదవని పేజీలవి. ప్రతి బోరింగులోనూ ఎంత లోతులో ఎలాంటి మట్టి తగిలిందో రాసి ఉంటుంది. లోతు విషయంలో వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ట్యాంకు పైభాగం రెండు మూడడుగుల లోతున ఉంటే అడుగు ఆరేడడుగుల దగ్గర ఉంటుంది, వాళ్లు అంతకన్నా కిందకే వెళ్లారు. నా కన్ను పడింది మట్టి వర్ణన మీద. నాలుగు చోట్లా పైనుంచి చివరిదాకా ఒకటే మాట: ఎర్ర-గోధుమ రంగు గట్టి బంకమన్ను.

ట్యాంకు పాతినప్పుడు పెద్ద గొయ్యి తీస్తారు, ట్యాంకు దించుతారు, చుట్టూ వదులు మట్టో ఇసుకో పోసి పూడుస్తారు. ట్యాంకు పక్కనే బోరు దించితే కనీసం ఒక్కచోటైనా ఆ పూడిక తగలాలి. ఇక్కడ ఒక్కచోటా తగల్లేదు. అంటే ట్యాంకుకు చిల్లు పడకూడదని జాగ్రత్తపడి దూరం జరిగి, నాలుగు బోర్లూ పాత గొయ్యికి బయట, ఎన్నడూ ఎవరూ కదిలించని నేలలో వేశారు. ఈ ప్రాంతపు బంకమన్నులో నూనె అడ్డంగా అంత తేలిగ్గా పోదు. అడుగున చిల్లు లేని పూలకుండీలో నీళ్లు నిలిచినట్టు గొయ్యిలోనే నిలుస్తుంది. పోతే కింది పగుళ్లలోకి పోవాలి, లేదా గొయ్యిలోంచి ఇంటివైపు వెళ్లే పైపుల కందకం వెంట పోవాలి. కాబట్టి ఆ నాలుగు నమూనాలూ నిజమే చెప్పాయి, కాకపోతే మేం అడగాల్సిన ప్రశ్నకు కాదు.

టౌన్‌షిప్ పర్మిట్ సంగతి కూడా అంతే. ట్యాంకు ఖాళీ చేసి నింపారా లేదా అన్నది ఇన్‌స్పెక్టర్ చూశాడు. కింద మట్టి పరీక్షించినట్టు ఫైల్లో ఎక్కడా లేదు. ట్యాంకును ఉన్నచోటే వదిలేస్తే దాని అడుగు ఎవరికీ కనబడదు.

మొదట చేసి చూసినవి

తవ్వకం దాకా వెళ్లకుండా తేలుతుందేమోనని తక్కువ ఖర్చు పనులు ముందు చేశాం. గ్రౌండ్ పెనిట్రేటింగ్ రాడార్‌తో గొయ్యి హద్దులు పట్టుకోవాలనుకున్నాం. తడిసిన బంకమన్ను రాడార్ సిగ్నల్‌ను మింగేస్తుంది, తెర మీద మసక తప్ప ఏమీ రాలేదు. ట్యాంకు ఎక్కడుందో చివరికి మెటల్ డిటెక్టరే చెప్పింది. బేస్‌మెంట్‌లో రాగి గొట్టాలు వచ్చే రంధ్రం దగ్గర పీఐడీ మీటరు పెట్టి ఆవిరి కొలిచాం. అంకె దాదాపు సున్నా. కుర్రాడు సంబరపడ్డాడు కానీ నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పెట్రోలులా హీటింగ్ ఆయిల్ తేలిగ్గా ఆవిరి కాదు. అందులోనూ ఏళ్ల తరబడి భూమిలో ఉన్న నూనెలో తేలికభాగం ఎప్పుడో పోయి ఉంటుంది. ఆ మీటరు ఎక్కువ చూపిస్తే నమ్మాలి, తక్కువ చూపిస్తే పక్కన పెట్టాలి. తర్వాత ట్యాంకుకూ ఇంటికీ మధ్య చేతి ఆగర్‌తో ఒక బోరు దించబోయాం. పూడికలో వేసిన పాత ఇటుక ముక్కలు తగిలి మధ్యలోనే ఆగిపోయింది.

ఇక రెండే దారులు మిగిలాయి. యంత్రం తెచ్చి గొయ్యి లోపలే ఇంకో బోరు వేయడం ఒకటి, ట్యాంకే తీసేయడం ఇంకొకటి. నేను రెండోదే చెప్పాను. బోరులో నూనె దొరికితే ఎలాగూ ట్యాంకు తీయాల్సిందే. దొరక్కపోతే, గొయ్యిలో ఒక్కచోట లేదని మాత్రమే తెలుస్తుంది. రేపు ఈ దంపతులు ఇల్లు అమ్ముకునేటప్పుడు ఆ కొనేవాళ్లు మళ్లీ ఇదే అడుగుతారు. పైగా ఇళ్ల బీమా ఇచ్చే చాలా కంపెనీలు భూమిలో ట్యాంకు ఉందంటే మొహం చిట్లిస్తాయి.

పెద్దావిడకు కోపం వచ్చింది. ఒకసారి డబ్బు కట్టి, ప్రభుత్వం సంతకం తీసుకుని, ఇంకో కంపెనీతో పరీక్ష కూడా చేయించుకున్నాక మళ్లీ తవ్వుతామంటే ఎవరికైనా వస్తుంది. ఆవిడ అటార్నీ ఇంకో విషయం ఎత్తాడు, అదీ సబబే: కాలుష్యం కనబడితే రాష్ట్రానికి చెప్పి తీరాలి, ఆ తర్వాత కొనేవాళ్లు వెళ్లిపోయినా ఆవిడ శుభ్రం చేయించక తప్పదు. అందుకే అమ్మేవాళ్లు చాలామంది బోరింగులకే ఒప్పుకోరు. ఇక్కడ పని ముందుకు సాగింది కొనేవాళ్లు ఇచ్చిన మాట వల్ల. కాలుష్యం బయటపడినా వెంటనే కాంట్రాక్టు రద్దు చేసుకోబోమని, పని పూర్తయ్యేదాకా క్లోజింగ్ వాయిదా వేసుకుంటామని, లోన్ రేటు లాక్ (బ్యాంకు ఒప్పుకున్న వడ్డీ రేటు గడువు) పొడిగించే ఖర్చు ఇద్దరం పంచుకుందామని రాసిచ్చారు. ఆ ఆలోచన ఆ అమ్మాయిది. భర్త ఇంకా రేటు గురించి లెక్కలు వేస్తుంటే, "ఇల్లు నచ్చింది, స్కూల్ నచ్చింది. కింద ఏముందో తెలిస్తే చాలు, నెల ఆలస్యమైతే ఏమవుతుంది?" అని తేల్చేసింది.

ట్యాంకు తీసిన రోజు

ముందుగా 811కు (తవ్వే ముందు ఫోన్ చేయాల్సిన నంబరు) చెప్పి యుటిలిటీ లైన్లకు గుర్తులు వేయించాం. గ్యాస్ లైను పసుపు గీత సరిగ్గా పాత నూనె పైపుల కందకం మీదుగా పోయింది. అక్కడ యంత్రం వాడకుండా పారతోనే తవ్వాం.

ట్యాంకు పైరేకు కోసి చూస్తే పైన ఇసుక పొడిగా, తెల్లగా ఉంది. రెండడుగులు తీసేసరికి రంగు మారింది. అడుగుకు వచ్చేసరికి ఇసుక నల్లగా, పట్టుకుంటే ముద్దలా అంటుకుంటోంది. లోపల శుభ్రం చేశామని బిల్లులో ఉన్నా, అడుగున మడ్డి మిగిలే ఉందన్నమాట. ఇసుక నింపిన ట్యాంకులతో ఉన్న తలనొప్పే ఇది: ఖాళీ ట్యాంకయితే గాలిలో ఆక్సిజన్, మండే వాయువు కొలిచి, మనిషి దిగి తుడిచి, పైకి లాగేస్తారు. ఇక్కడ ఇసుకంతా తోడి, నూనె పట్టిన దాన్ని విడిగా పెట్టి, లైసెన్సున్న చోటికి పంపాలి. ఖర్చు పెరిగింది.

ట్యాంకు పైకి లేపాక తుప్పు పెచ్చులు గీరి చూశాం. నింపే గొట్టానికి సరిగ్గా కింద, ట్యాంకు అడుగున, పావలా బిళ్లంత చిల్లు. దాని చుట్టూ సూదిబెజ్జాలు ఇంకొన్ని. చిల్లు అక్కడే పడటం యాదృచ్ఛికం కాదు. నూనె ఎంతుందో చూడటానికి ఏళ్ల తరబడి గొట్టంలోంచి కొలకర్ర దించుతారు, దాని మొన తగిలేది ఎప్పుడూ ఒకే చోట. అడుగున చేరిన నీళ్లు లోపలినుంచి తుప్పు పట్టిస్తే, కర్ర దెబ్బ ఆ తుప్పును రాలుస్తుంది. పాత ట్యాంకు చూసేటప్పుడు నేను మొదట గీరేది అక్కడే.

గొయ్యి అడుగున మట్టి చూడగానే సందేహం తీరిపోయింది. ఇక్కడి నేల ఇనుము వల్ల ఎర్రగా ఉంటుంది. నూనె పట్టిన చోట సూక్ష్మజీవులు ఆక్సిజన్ వాడేసుకోవడంతో ఇనుము రూపం మారి, మట్టి బూడిద-ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది. ఎర్ర గోడ మీద ఆ బూడిద చార ట్యాంకు అడుగు నుంచి ఇంటివైపు పైపుల కందకం వెంట స్పష్టంగా పోయింది. గాజు సీసాలో కొంచెం మట్టి, కొన్ని నీళ్లు పోసి కుదిపితే పైన రంగుల పొర తేలింది. ఆ రోజే రాష్ట్రం హాట్‌లైన్‌కు చెప్పి కేసు నంబరు తీసుకున్నాం.

పునాది దగ్గర ఆగిపోయిన పని

నూనె పట్టిన మట్టి తవ్వి పంపేయడం మామూలు పద్ధతి. మూడు వైపులా అది సాఫీగా సాగింది, గోడల నమూనాలు శుభ్రంగా వచ్చాయి. ఇంటివైపు మాత్రం పునాది ఫుటింగ్ (గోడ బరువు మోసే అడుగు కాంక్రీటు) అడ్డొచ్చింది. అక్కడి నమూనాలో నూనె, ఇళ్ల స్థలాలకు రాష్ట్రం పెట్టిన ప్రమాణం కన్నా చాలా ఎక్కువగా ఉంది. ఇంకా తవ్వితే ఫుటింగ్ కింద ఆధారం పోతుంది.

పెద్దావిడ తరఫు కాంట్రాక్టర్ ఒక మందు ప్రతిపాదించాడు. ఫుటింగ్ కిందకు ఆక్సీకరణ రసాయనం ఎక్కిస్తే నూనె అక్కడే విరిగిపోతుంది, తవ్వే పని ఉండదు. బంకమన్నులో ఇది అరుదుగా పనిచేస్తుందని నేను ముందే చెప్పాను. రసాయనం నూనెను తాకితేనే పని చేస్తుంది. నూనె పగుళ్లలోనూ మట్టి గడ్డల లోపలా ఉంటే, ద్రవం మాత్రం తేలిక దారి చూసుకుని పోతుంది. అయినా ఒప్పుకున్నాను. ఖర్చు ఆవిడది, గొయ్యి ఎలాగూ తెరిచే ఉంది, పనిచేస్తే స్ట్రక్చరల్ పని మొత్తం తప్పుతుంది. దానికి కావాల్సిన అనుమతి తీసుకుని ఎక్కించారు. చాలా ద్రవం వెనక్కి గొయ్యిలోకే కారింది. కొన్ని వారాలాగి మళ్లీ నమూనా తీస్తే అంకె కాస్త తగ్గింది, ప్రమాణానికి దరిదాపుల్లోకి కూడా రాలేదు. రెండో విడత వేద్దామన్నారు. నేను వద్దన్నాను. మొదటి విడతలో మందు ఎక్కడికి పోయిందో కళ్లారా చూశాక, అదే దారిలో ఇంకొంత పోయడం డబ్బు దండగ.

దానికి బదులు, నూనె ఇంటి కింద ఎంత లోపలికి పోయిందో ముందు కొలుద్దామన్నాను. అప్పటిదాకా అందరి భయం ఇల్లంతా లేపాల్సి వస్తుందేమోనని. బేస్‌మెంట్ కాంక్రీటుకు చిన్న కోర్లు కోసి, చేతి ఆగర్‌తో కింద మట్టి తీశాం. గోడకు దగ్గరి నమూనాలో నూనె ఉంది. కాస్త లోపలికి జరిగితే ప్రమాణం కన్నా బాగా తక్కువ. నూనె పైపుల కందకం పట్టుకుని వచ్చి గోడ కిందే ఆగింది. శుభ్రం చేయాల్సింది ఇంటి కింద మొత్తం కాదు, ఫుటింగ్ వెంట ఒక సన్నటి పట్టీ.

ఆ కొలత చేతికి వచ్చాక పని తేలికైంది. లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగ్ ఇచ్చాడు: ఫుటింగ్ కింద ఒకసారి నాలుగడుగుల వెడల్పు మాత్రమే తవ్వాలి, మట్టి తీసి నమూనా పట్టి కాంక్రీటు నింపాలి, అది గట్టిపడ్డాక పక్కది వదిలేసి ఆ తర్వాతది తవ్వాలి. టౌన్‌షిప్ పర్మిట్ విడిగా తీసుకున్నాం. గోడ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టి రోజూ చూసుకున్నాం, ఎక్కడా పగులు రాలేదు. చివరి నమూనాలు ప్రమాణం లోపలే వచ్చాయి.

నీళ్లు, బీమా

గొయ్యి అడుగున తడి ఉంది కాబట్టి భూగర్భజలం కూడా పరీక్షించక తప్పలేదు. లైసెన్సున్న డ్రిల్లర్‌తో తాత్కాలిక బావి వేయించి నమూనా తీశాం. నీళ్లు శుభ్రంగా ఉన్నాయి.

పెద్దావిడ కొడుకు అటక మీద నుంచి పాత ఇంటి బీమా కాగితాలు తీసుకొచ్చాడు. ఇప్పటి పాలసీల్లో చాలావాటిలో నూనె కాలుష్యానికి డబ్బు రాదు గానీ, కొన్ని పాత పాలసీల్లో దారి ఉంటుంది. కాకపోతే సొంత ఆస్తికి జరిగిన నష్టం వాటి కిందకు రాదు, ఇతరులకు జరిగినదే వస్తుంది. భూగర్భజలం పాడైతే అది ఇతరుల నష్టం కిందకొస్తుంది. నీళ్లు శుభ్రమని తేలడంతో క్లెయిము నిలబడలేదు. ఈ వృత్తిలో ఇలాంటి వింతలకు అలవాటు పడాలి: మంచి ల్యాబ్ రిపోర్టు వచ్చినందుకు ఆ ఇంట్లో ఎవరూ సంతోషించలేదు.

ఇలాంటి ఫైలు మీ చేతికొస్తే

పర్మిట్‌తో మూసిన ట్యాంకు ఉందంటే, మూసిన కాగితంతో పాటు ట్యాంకు కింద మట్టి ఫలితం ఉందా అని అడగండి. ఇక చేయాల్సిన పనేమీ లేదని రాష్ట్రం ఇచ్చే 'నో ఫర్దర్ యాక్షన్' లెటర్ ఉంటే ఇంకా మంచిది. టౌన్‌షిప్ ఫైళ్లు ఓప్రా (ప్రభుత్వ రికార్డులు చూసే హక్కు ఇచ్చే రాష్ట్ర చట్టం) దరఖాస్తుతో ఎవరైనా తెప్పించుకోవచ్చు, అమ్మేవాళ్లు ఇచ్చిన కాపీతో సరిపెట్టుకోనక్కర్లేదు. బోరింగ్ రిపోర్టు వస్తే ముందు లాగ్ చదవండి: పూడిక మట్టి తగిలిందా, ఇంటివైపు పైపుల దారిలో బోరు వేశారా? ఈ రెండింటికీ జవాబు లేకపోతే 'క్లీన్' అనే మాటను పక్కన పెట్టండి. నూనె పునాది కిందకు పోయిందన్నప్పుడు ఎవరు ఏ పరిష్కారం అమ్మజూపినా, ఎంత లోపలికి పోయిందో కొలవకుండా ఒప్పుకోకండి. ఈ కేసులో ఆ కోర్ నమూనాలను రసాయనానికి ముందే తీయించి ఉంటే ఆవిడకు ఒక విడత ఖర్చు మిగిలేది. అప్పట్లో బేస్‌మెంట్ నేల కోయడానికి అమ్మేవైపు వాళ్లు ఒప్పుకోలేదు.

అన్ని ఇళ్లకూ ఇదే దారి అనడం లేదు. ఇసుక నేలలో అయితే నూనె చాలావరకు నేరుగా కిందకే దిగి నీటిమట్టం దాకా పోతుంది. అక్కడ నేను నీళ్లనే ముందు చూస్తాను, పైపుల కందకం గురించి ఇంత ఆలోచించను.

రాష్ట్రం లెటర్ రావడానికి ఇంకా సమయం పట్టేలా ఉందని, అమ్మిన సొమ్ములో కొంత అటార్నీ దగ్గర ఎస్క్రోలో (షరతు తీరేదాకా మూడో వ్యక్తి దగ్గర ఉండే ఖాతాలో) ఉంచి క్లోజింగ్ చేసుకున్నారు. లెటర్ వచ్చాక అది ఆవిడకు విడుదలైంది. ఆ లెటర్ ఆ ఒక్క ట్యాంకుకే వర్తిస్తుంది, యార్డులో ఇంకోటి ఉంటే దానికి కాదు. పాత ఇళ్లలో చిన్న ట్యాంకు తీసి పెద్దది వేసుకున్న సందర్భాలు ఉంటాయి కాబట్టి, క్లోజింగ్‌కు ముందు వెనక యార్డు, గ్యారేజ్ పక్క స్థలం కూడా మెటల్ డిటెక్టర్‌తో స్వీప్ చేయించాం. ఒక పాత క్లోత్స్‌లైన్ స్తంభం అడుగుముక్క తప్ప ఏమీ దొరకలేదు.